ఢిల్లీ బండిలో ఇరవై రెండో నంబరు

ఢిల్లీకి పోయే పిల్లలు చేయవలసిన పనులు:

ఒకటి. స్వెటర్ లేనివారు అన్నదో అక్కదో అడిగి తెచ్చుకోవాలి. పొడుగైతే చేతులు మడుచుకోవచ్చు. సిగ్గుపడవద్దు.

రెండు. మూడు పూటలకు సరిపడా రొట్టెలు తేవాలి. పచ్చిపులుసు సీసాలో పోసి తేవద్దు. పోయినేడు మూడు బెర్తులు తడిసినవి.

మూడు. బయలుదేరే ముందు మా ఇంట్లో ఆంటీ చేత కుడి భుజానికి ఇమామ్ జామిన్ కట్టించుకోవాలి. వద్దనుకునేవారికి బలవంతం లేదు. కట్టించుకున్నవారు మాత్రం మధ్యలో విప్పరాదు. తిరిగి వచ్చాక ఆంటీయే విప్పుతుంది.

నాలుగు. తన నంబరుతో పాటు జోడీ నంబరు కూడా గుర్తుంచుకోవాలి. జోడీ బాత్‌రూంకు పోయినప్పుడు ఆ నంబరును రెండోవారు పలకాలి.

ఐదు. రోజుకొకసారి సారు ఫోన్ నుంచి ఇంటికి మాట్లాడాలి. రెండు నిమిషాలే.

ఆరు. ఎర్రకోట ముందు ఫొటోలో అందరూ నవ్వాలి.

కింద జానీ మియా సారు సంతకం. సుభాషిణి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. మొదటిసారి ప్రైవేటు డిటెక్టివ్‌గా చదివింది. రెండోసారి పదమూడేళ్ల పిల్లగా చదివింది.

ఇరవై మూడేళ్ల కింద తొమ్మిదో తరగతిలో ఆమె చేతిలో పెట్టిన కాగితం కూడా ఇంచుమించు ఇదే. అప్పుడు ఫోన్ల మాట లేదు. ఐదో నంబరు దగ్గర "రోజుకొక కార్డు రాసి సారుకు ఇవ్వాలి" అని ఉండేది. ఆమె రాసిన కార్డులు, ఆమె ఇల్లు చేరిన వారానికి చేరాయి. మార్కెట్‌లో బస్తాలు మోసే నాయనకు చదువు రాదు. వాటిని మళ్లీ ఆమెతోనే చదివించుకున్నాడు. "నాయనా, ఎర్రకోట నిజంగనే ఎర్రగున్నది" అని మొదటి కార్డులో మొదటి వాక్యం. నాయన ఆ కార్డును అంగడికి తీసుకుపోయి నలుగురికీ చూపించాడు, తలకిందులుగా పట్టుకుని.

ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి సుభాషిణి. ఆ డిగ్రీకి దరఖాస్తు నింపింది జానీ మియా సారు.

ఇప్పుడు ఆ సారు వరంగల్ మట్టెవాడలోని తన ఇంటి ముందు గదిలో, ప్లాస్టిక్ కుర్చీలో, ఇద్దరు కానిస్టేబుళ్ల నడుమ కూర్చుని ఉన్నాడు. శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటలైంది.

జరిగింది ఇది. పొద్దున పది గంటల ఇరవై తొమ్మిది నిమిషాలకు ఢిల్లీ నుంచి వచ్చే బండి వరంగల్ స్టేషన్‌లో ఆగింది. నలభై మంది పిల్లలు దిగాలి. ముప్పై తొమ్మిది మందే దిగారు. దిగని పిల్ల పేరు దీప. తొమ్మిదో తరగతి, ఇరవై రెండో నంబరు, నెక్కొండ దగ్గరి ఊరు. ఆ పిల్ల తండ్రి గట్టయ్య రెండేళ్లుగా జైల్లో ఉన్నాడు. పక్క పొలం భానుచందర్‌తో బోరు నీళ్ల దగ్గర తగాదా పడి, అతన్ని చంపి కాలువలో వేశాడని కేసు. శవం దొరకలేదు. తొర్రూరు రోడ్డున కాలువ గట్టు మీద భానుచందర్ బండి, నెత్తురంటిన తువ్వాల మాత్రం దొరికాయి. అతని భార్య శకుంతల కోర్టులో ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. సోమవారం తీర్పు.

ఆ శకుంతల సుభాషిణికి కొత్త మనిషి కాదు. ఆనాటి ఢిల్లీ టూరులో పదమూడో నంబరు సుభాషిణి, పద్నాలుగో నంబరు శకుంతల. జోడీ.

"ఏందే సుభాషిణీ, పెండ్లి ఎంక్వైరీలు ఒడిసినయా? ఇటు మళ్లినవ్?"

గుమ్మంలో సీఐ వినోద. ఈ ఇద్దరూ ఒకప్పుడు హన్మకొండలో ఒకే కోచింగ్, ఒకే బెంచీ, ఒకే టిఫిన్ డబ్బా. ఎస్సై ఎంపికలో వినోద గట్టెక్కింది. సుభాషిణి పరుగులో నాలుగు సెకన్లు వెనకబడి ఇంటికి వచ్చింది. అప్పటినుంచి ఒకరు యూనిఫాం వేసుకుని, ఇంకొకరు వేసుకోక, వరంగల్‌లో ఒకరి కాళ్లకు ఒకరు అడ్డం పడుతూనే ఉన్నారు.

"ఇంక ఒడవలె. మీ మేనమామ కొడుకుది ఒకటి పెండింగున్నది. మంచిగ రాయమంటవా, ఉన్నదున్నట్టు రాయమంటవా?"

ఒక కానిస్టేబుల్ నవ్వబోయి మీసం సవరించుకున్నాడు.

"పరాచికాలకు టైం లేదు," అంది వినోద. "నాలుగింటికి ఈయన్ను స్టేషన్‌కు తీస్కపోతాన. కాజీపేటల నలభై ఉన్నరని ఈయనే చెప్పిండు. వరంగల్‌ల ముప్పై తొమ్మిది. నడుమ పందొమ్మిది నిమిషాలు. ఆ పందొమ్మిది నిమిషాలల్ల పిల్ల బండిలకెళ్లి పడ్డదన్నా ఉండాలె, ఎవరన్నా తోసిండన్నా ఉండాలె. మావోళ్లు పట్టాల పొంటి దేవులాడుతాన్రు."

"దొరికిందా?"

"దొరుకుతది."

"పది నిమిషాలు సారుతోటి మాట్లాడనీ. నీ ముంగటనే మాట్లాడుత."

వినోద గోడకు ఆనుకుని, చేతి గడియారం తిప్పి చూసుకుంది. అది సరేననడం.

సుభాషిణి సారు ఎదురుగా చాప మీద కూర్చుంది. కుర్చీ ఉన్నా సారు ముందు ఆమె ఎన్నడూ కుర్చీలో కూర్చోలేదు. సారు గడ్డం మొత్తం నెరిసింది. ఇది ఆయన చివరి టూరు. వచ్చే నెల రిటైర్మెంట్. దీపను తీసుకుపోవద్దని, హంతకుడి బిడ్డ పక్కన మా పిల్లలు పడుకోరని, ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు బడికి వచ్చి గొడవ చేశారట. "అట్లయితే నా మనుమరాలు సబియా పక్కన పడుకుంటది" అని ఆయన ఆ ఇద్దరినీ జోడీ చేశాడు. ఇరవై ఒకటి సబియా, ఇరవై రెండు దీప.

"సార్, కాజీపేటల లెక్క ఎట్ల పెట్టిన్రు?"

"ఎప్పట్లెక్కనే బిడ్డా. నంబర్లు పిలిపిచ్చిన. ఒకటికెళ్లి నలభై దాక తెగకుంట వచ్చినయ్."

"ముఖాలు చూసిన్రా?"

జానీ మియా సారు అరచేతులు మోకాళ్ల మీద రుద్దుకున్నాడు.

"సామాన్లు దించుతాన. వీపు అటు తిరిగి ఉన్నది. చెవులతోటి లెక్కపెట్టిన."

"అంతకు ముందు లెక్క ఎక్కడ?"

"పెద్దపల్లిల. ఎనిమిది యాభైకి. అప్పుడు ముఖాలు చూసిన. దీప నాకు పండ్లపొడి కావాల్నా అని అడిగింది గూడ."

"జమ్మికుంటల?"

"రెండే నిమిషాలు ఆగింది. తొమ్మిది ఇరవై అయిదు అనుకుంట. అది చిన్న స్టేషనని లెక్క పెట్టలె."

సుభాషిణి చేతిలోని పుస్తకంలో మూడు సమయాలు రాసుకుంది. ఎనిమిది యాభై, తొమ్మిది ఇరవై ఐదు, పది పది. మొదటి దాని కింద 'కళ్లు' అని, మూడో దాని కింద 'చెవులు' అని రాసింది. రెండో దాని కింద ఏమీ రాయలేదు.

"నీకు తెలువని సంగతి ఒకటుంది," అంది వినోద. బల్ల మీది ప్లాస్టిక్ కవరు తీసి ముందు పెట్టింది. "పిల్ల భుజానికి కట్టిన గుడ్డ. గుంజులాటల తెగింది. మరి గుంజులాటల తెగినది పిల్ల బ్యాగుల, జిప్పు అరల, టోపీ కిందికి ఎట్ల పోయింది? ఎవరో దాచిన్రు. ఎవరు దాచిన్రు? బ్యాగులన్నీ ముట్టుకున్నది ఎవరు?"

జానీ మియా కళ్లు మూసుకున్నాడు.

గది మూలన, పోలీసులు పిల్లలను ఇళ్లకు పంపి ఆపుకున్న నలభై బ్యాగులు వరుసగా ఉన్నాయి. స్టేషన్ నుంచి పిల్లలను నేరుగా ఈ ఇంటికే తీసుకువచ్చి, సేమియా తినిపించి, ఇమామ్ జామిన్లు విప్పి పంపడం ఇరవై నాలుగేళ్ల అలవాటు. ఈసారి సేమియా గిన్నెలోనే గడ్డకట్టింది. పక్కన పళ్లెంలో ముప్పై తొమ్మిది ఆకుపచ్చ గుడ్డ పట్టీలు కుప్పగా ఉన్నాయి. ప్రయాణం పోయేవాళ్ల భుజానికి, లోపల ఒక రూపాయి బిళ్ల పెట్టి కట్టే పట్టీలు అవి. క్షేమంగా ఇల్లు చేరాక విప్పి, ఆ బిళ్లలు బీదలకు ఇస్తారు. సారు భార్య తాహెరా బేగం హిందువుల పిల్లలనీ తురకల పిల్లలనీ చూడకుండా అందరికీ కడుతుంది. 2002లో సుభాషిణికి కట్టినప్పుడు ఆమె అమ్మ కొంచెం జంకింది. తాహెరా బేగం నవ్వి, "మీ దేవుడు గూడ తోడు పోతాండు కదా వదినా, ఇద్దరుంటే బండిల జర ముచ్చట పెట్టుకుంటరు" అంది. ఆ తర్వాత అమ్మే సుభాషిణి చేయి ముందుకు జరిపింది.

"కవరు తెరవొచ్చునా?"

"తొడుగులేసుకో."

సుభాషిణి పట్టీని వెంటనే విప్పలేదు. అది ఉన్న తీరు చూసింది. దారాలు పీచులు లేవలేదు. అంచు చిరగలేదు. గుడ్డ మధ్యలో ముడి పడ్డ చోట మడతలు అలాగే ఉన్నాయి, పంటి గాటు ఒక్కటీ లేదు.

"చాచీ, ఒక్కసారి ఇటొస్తరా?"

వంటింటి పరదా పక్కకు జరిపి తాహెరా బేగం వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది.

"మీ ముడిని పిల్లలు సొంతంగ విప్పుకోగలరా?"

"యా అల్లా, ఎట్ల విప్పుతరు? మూడు సుట్లు సుట్టి లోపటికి దోపుత. ఒక్క చేతితోటి రాదు. పోయినేడు ఒక పోరడు పండ్లతోటి పీకి, గుడ్డంత నమిలి తెచ్చిండు. రెండు చేతులు కావాలె, ఎట్ల దోపిన్నో ఎరుక ఉండాలె."

"విన్నవా వినోదా? ఇది తెంపింది కాదు, విప్పింది. ముడి తెలిసినోళ్లు, రెండు చేతులతోటి, నిమ్మళంగ విప్పిన్రు. పిల్ల భుజం కదలకుంట ఇచ్చింది. గుంజులాటల ఎవలన్న గిట్ల విప్పుతరా?"

"ముడి ఎరుకున్నోడు ఈయనే గదా!"

"కాదు. ఈ టూరుకు పోయొచ్చిన ప్రతి పిల్లకు ఎరుకే. నాకు గూడ."

అంటూ ఆమె పట్టీని తొడుగుల చేతిలోకి తీసుకుంది. అప్పుడు చూసింది, అది మడిచిన తీరు. నాలుగు మూలలూ లోపలికి మలిచి, చివరి కొనను వాడిగా చేసి, కింది మడతలోకి దోపి ఉంది. తమలపాకును కిళ్లీ చుట్టినట్టు. లోపల బిళ్ల లవంగంలా పదిలంగా ఉంది.

సుభాషిణి పట్టీతోనే చాప మీదినుంచి లేచి నిలబడింది.

నెక్కొండ స్టేషన్ బయట ఒక కిళ్లీ డబ్బా ఉండేది. శకుంతల తల్లిది. బడి వదిలాక శకుంతల అక్కడ కూర్చుని ఆకులు చుట్టేది. ఆ అలవాటు ఆమె వేళ్లలోకి దిగిపోయింది. చేతిరుమాలు, బస్సు టికెట్టు, పరీక్ష చిట్టీ, ఏది ఇచ్చినా కిళ్లీ మడతే. ఢిల్లీ బండిలో పైబెర్తు మీద పడుకుని, కింది బెర్తులోని సుభాషిణికి ఆమె చీటీలు విసిరేది. ఏ చీటీ విప్పినా ఒకటే ఉండేది. "నిద్రపోయినవా?" అని. ఆ చీటీలు రెండు ఇప్పటికీ సుభాషిణి డిగ్రీ సర్టిఫికెట్ల కవర్లో ఉన్నాయి.

"ఏమైందే? బొమ్మ లెక్క నిలబడ్డవ్?"

"ఏం లేదు. సబియాను అడగాలె."

"అడిగిన. గంటసేపు. నోరు తెరవలె. ఏడుస్తాంది."

"నువ్వు లాఠీ పట్టుకుని అడిగినవు."

"లాఠీ జీపులనే ఉన్నది!"

"నీ ముఖమే చాలు తల్లీ. నువ్వు ఈడనే ఉండు."

వంటింట్లో సబియా పొయ్యి పక్కన మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుని ఉంది. పద్నాలుగేళ్లు. ఎర్రకోట దగ్గర కొన్న పూసల గొలుసు ఇంకా మెడలో ఉంది. సుభాషిణి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. ప్రశ్న అడగలేదు.

"నేను టూరుకు పోయినప్పుడు మాది పదమూడు, పద్నాలుగు," అంది. "ఆగ్రాల లెక్క పిలిచేటప్పటికి నా జోడీ లేదు. గాజులు చూసుకుంట నిలబడ్డది. సారు తిడ్తడని నేనే రెండు నంబర్లు పలికిన. పదమూడు మామూలు గొంతుతోటి, పద్నాలుగు జర సన్నగ."

సబియా తల ఎత్తలేదు కాని ఏడుపు ఆగింది.

"సారుకు దొరికిన్రా?" అని మోకాళ్లలోంచే అడిగింది.

"దొరకలె. ఇప్పటి దాక సారుకు తెలువది. నీ సన్న గొంతు ఎట్లుంటది?"

నిజంగానే సన్నని గొంతుతో, "ఇరవై రెండు" అంది ఆ పిల్ల. అని, భోరుమంది.

"తాతను పట్టుకపోతరా? నేను ఒట్టేసిన. ఖురాన్ మీద కాదు, దోస్తీ మీద. పొద్దూకే దాక ఎవలకు చెప్పొద్దన్నది. పొద్దూకేటాల్లకు వాళ్ల నాయన్ను తీసుకొని వస్తనన్నది."

"ఎక్కడ దిగింది?"

"జమ్మికుంటల."

"ఒక్కతే దిగలె. శకుంతలతోటి దిగింది. అవునా?"

సబియా గబుక్కున తల ఎత్తింది. వెనకే వచ్చి నిలబడ్డ తాహెరా బేగం వైపు చూసింది. "పేరు నేను చెప్పలె గదా నానీ? ఆమెనే చెప్పింది గదా? పేరు చెప్పొద్దని గదా ఒట్టు!"

"ఆమెనే చెప్పింది బిడ్డా," అంది తాహెరా బేగం, మనవరాలి తల నిమురుతూ. "నీ ఒట్టు నీ దగ్గరనే భద్రంగున్నది. ఇగ అంత చెప్పు."

అప్పుడు మాటలు గట్టు తెగిన నీళ్లలా వచ్చాయి. నిన్న రాత్రి ఎనిమిది నలభైకి బండి భోపాల్‌లో ఆగింది. ఇంటికి మాట్లాడే వంతు దీపది. తల్లి సమ్మమ్మ ఫోన్ ఎత్తలేదు. సారు ఫోన్ చేతిలో ఉంది కదా అని దీప టూరు ఫొటోలు చూసింది. ఎర్రకోట ముందు దిగిన ఫొటోలో తన ముఖం ఎట్లుందో అని వేళ్లతో పెద్దది చేసింది. పెద్దది చేసి, కెవ్వుమంది. తర్వాత నవ్వింది. తర్వాత ఏడ్చింది.

"ఎవరు కనబడ్డరు?"

"భానుచందర్ మామ. చచ్చిపోయినాయన."

వంటింటి గుమ్మంలో బూటు చప్పుడైంది. వినోద పరదా పక్కన నిలబడి ఎప్పటినుంచి వింటోందో తెలియదు.

"మరి సారుకు ఎందుకు చెప్పలె?" అని సుభాషిణి అడిగింది.

"తాతకు చెప్తే పోలీసోళ్లకు చెప్తడు. పోలీసోళ్లే గదా వాళ్ల నాయన్ను పట్టుకపోయింది!" సబియా వినోదను చూసి గొంతు తగ్గించింది. "దీప ఏమన్నదంటే, ముందుగల శకుంతలక్కకు చెప్పాలె అన్నది. పాపం రెండేండ్ల సంది బొట్టు లేకుంట ఉన్నది, మామ బతికున్నడంటే ఎంత సంబరపడ్తదో అన్నది. తాత ఫోన్ల నంబరుంటే చేసింది. శకుంతలక్క ఏడ్చిందంట. ఎవలకు చెప్పకు, నేను పెద్దపల్లిల ఎక్కుత, ఇద్దరం కోర్టుకు పోయి మీ నాయన్ను ఇడిపిద్దం అన్నదంట. పొద్దున తాతకు కనబడకుంట బాత్‌రూంల కాడికి వచ్చింది. దీప ఇమామ్ జామిన్ తియ్యనన్నది, నానీ చేతితోటే తియ్యాలె అన్నది. శకుంతలక్కనే విప్పింది. ఇగ ఇల్లు చేరినట్టే బిడ్డా అన్నది. పారెయ్యబోతే దీప ఊకోలె. ఆమెనే మడిచి బ్యాగుల పెట్టింది."

తన తండ్రిని జైలుకు పంపిన మనిషికి, శుభవార్త చెప్పాలని ఫోన్ చేసింది ఆ పిల్ల. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి లేదు. అంత మంచి తప్పు కూడా లేదు.

"అంత కట్టు కథ," అంది వినోద. కాని గొంతులో మునుపటి పదును లేదు. "కేసు నేను చూసిన. ముప్పై మంది సాక్షులు. ఫొటోల ఎవడో గడ్డపోడు కనబడ్తే భానుచందర్ అయితడా?"

సుభాషిణి తన ఫోన్ తీసింది. సారు ఏ ఏటి టూరు ఫొటోలనైనా పాత విద్యార్థుల గ్రూపులో పెడతాడు. మూడు రోజుల కింద పెట్టిన ఎర్రకోట ఫొటో అందులో ఉంది. దాని కింద డెబ్బై గుండె గుర్తులు. అందులో ఒకటి సుభాషిణిదే. సరిగా చూడకుండానే పెట్టింది. చిన్నప్పుడు తను నిలబడ్డ మెట్టు కనబడిందని, ఆ సంతోషంలో పెట్టింది.

ఇప్పుడు చూసింది. నలభై నవ్వులు. వాటి వెనక ఎడమ పక్కన ఒక చాయ్ బండి. ఒక గడ్డపు మనిషి ఎడమ చేత్తో గ్లాసు అందిస్తున్నాడు. ఆమె ఆ చేతిని పెద్దది చేసి వినోద ముఖం ముందు పెట్టింది.

"నీ ఫైలుల భానుచందర్ గుర్తులు ఏం రాసినవ్?"

వినోద ఫోన్ అందుకుంది. దగ్గరికి తెచ్చుకుంది. దూరం పెట్టింది. మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది.

"ఎడమ చెయ్యి," అంది చివరికి. "గడ్డి కోసే మిషన్ల రెండు వేళ్లు తెగినయ్. చిటికెన వేలు, పక్క వేలు."

ఫొటోలో గ్లాసును పట్టుకున్నవి మూడు వేళ్లు.

"రెండేండ్లు," అంది సుభాషిణి. "గట్టయ్య రెండేండ్ల సంది లోపట ఉన్నడు వినోదా. శవం లేకుంట."

"నాకు చెప్పకు. శకుంతల నా కాళ్ల మీద పడి ఏడ్చింది. ఎవలైనా నమ్ముతరు. నువ్వు నమ్మలేదా? నువ్వే గదా ఆమె పక్కన కూసొని నీళ్లు తాగిపిచ్చింది!"

అది నిజం. సుభాషిణి తల దించుకుంది. ఆ రోజు శకుంతల ఆమె చేయి పట్టుకుని, "నాకెవరున్నరే ఇగ" అంది. ఆ చేతి వణుకు అబద్ధం కాదని ఇప్పటికీ ఆమెకు అనిపిస్తోంది. భర్త మీద ప్రేమో, భయమో. ఏదో ఒకటి నిజమే అయి ఉండాలి.

"నమ్మిన," అంది. "నీకంటె ఎక్కువ నమ్మిన. అందుకే ఈ తప్పుల నాకు సగం పాలుంది. ఇప్పుడు తిట్టుకుందమా, పిల్లను దేవులాడుదమా? నువ్వు పందొమ్మిది నిమిషాల పట్టాల మీద కుక్కలను తిప్పుతానవ్. పిల్ల దానికి నలభై అయిదు నిమిషాల ముందే దిగింది."

వినోద ఆమెను ఒక్క క్షణం చూసింది. తర్వాత ముందు గదిలోకి పోయి కానిస్టేబుళ్లతో, "సారుకు మంచినీళ్లియ్యిండ్రి. ఆయన ఎటూ రాడు" అంది. ఆ గొంతులో క్షమాపణ లేదు కాని, సారుకు అది అర్థమైంది. తర్వాత ఫోన్ తీసి జమ్మికుంట రైల్వే పోలీసులకు కలిపింది.

అరగంట. ఆ అరగంటలో ఎవరూ కూర్చోలేదు. తాహెరా బేగం మాత్రం సేమియా గిన్నెను వేడి చేయడానికి పొయ్యి మీద పెట్టింది. ఎవరి కోసమని ఎవరూ అడగలేదు. శకుంతల నంబరుకు సుభాషిణి మూడుసార్లు చేసింది. మొదటి రెండుసార్లు మోగింది. మూడోసారి స్విచాఫ్. మరుక్షణం పాత విద్యార్థుల గ్రూపులో ఒక సన్నని బూడిదరంగు గీత వచ్చింది. శకుంతల గ్రూపు నుంచి వెళ్లిపోయారు.

మూడు ముప్పై ఐదుకు వినోద ఫోన్ మోగింది. ఆమె వింటూ గోడ మీదున్న క్యాలెండర్ వెనక వైపు పెన్నుతో రాసుకుంటూ పోయింది. రాస్తున్న చేయి ఒకచోట ఆగింది.

"ఏమన్నరు?"

"కెమెరాలల్ల కనబడ్డరు. పొద్దున దిగి, వంతెన దాటి, అవతలి ప్లాట్‌ఫారం మీద కూసున్నరు. పదకొండు నలభైకి ఢిల్లీ దిక్కు పోయే బండెక్కిన్రు. దీప నవ్వుకుంటనే ఎక్కిందంట."

"కోర్టుకని చెప్పి ఢిల్లీకా?"

"మామను చూపిస్తనని చెప్పుంటది. ఢిల్లీకి కాదు. రిజర్వేషన్ నాగపూర్ దాకనే. రాత్రి తొమ్మిదిన్నరకు చేసింది, దీప ఫోన్ పెట్టేసిన గంటలోపట. పేర్లు గూడ దాచలె, అలవాటు లేని మనిషి." వినోద క్యాలెండర్‌ను తిప్పి చూపించింది. "పోయేటందుకు ఇద్దరు. శకుంతల, దీప. రేపు తిరిగి వచ్చే బండిల..."

వినోద వేలు కిందికి జరిగింది. అక్కడ ఒకే ఒక్క పేరు ఉంది.

శకుంతల.

సుభాషిణి లెక్క కట్టింది. ఫోన్ నిన్న రాత్రి ఎనిమిది నలభైకి. ఆ వెంటనే శకుంతల ఇంకొక ఫోన్ చేసి ఉంటుంది. రాత్రి బండి ఎక్కిన మనిషి ఢిల్లీ నుంచి ఈ మధ్యాహ్నానికే నాగపూర్ చేరి ఉంటాడు. పదకొండు నలభై బండి సాయంత్రం ఐదున్నరకు చేరుతుంది. ఆ ప్లాట్‌ఫారం మీద, మూడు వేళ్ల చేయి ఒకటి ఎదురుచూస్తూ ఉంటుంది. వాళ్ల లెక్కలో, వాడు బతికున్నాడని చెప్పగల ఒకే ఒక్క నోరు, నవ్వుకుంటూ వాడి దగ్గరికే పోతోంది.

"ఇంక గంటా యాభై అయిదు నిమిషాలు," అంది వినోద. ఇప్పటికే నాగపూర్ నంబరు కలుపుతోంది. "ఆ ఫొటో నాకు పంపు. నడువు, జీపుల మాట్లాడుకుందం. నువ్వు నా పక్కనే కూసోవాలె. ఆమె ఎట్ల ఆలోచిస్తదో నాకు తెలువది, నీకు తెలుసు."

గేటు దగ్గరికి వచ్చాక వెనక నుంచి పిలుపు వినబడింది. జానీ మియా సారు కుర్చీలోంచి లేచి, గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. బయట జనం ఆయన్ను చూసి గుసగుసలాడారు. ఆయన వాళ్ల వైపు చూడలేదు.

"బిడ్డా సుభాషిణీ," అన్నాడు. "ఆ బండిల నా పిల్ల ఒక్కతే లేదు. ఇద్దరున్నరు. ఇద్దర్ని తీసుకరా."

ఆమె జీపు ఎక్కింది.

ఈ కథ చదువుతున్న మీకు ఒక మనవి. ఇక్కడినుంచి శకుంతలను మీరు ఎన్ని మాటలన్నా కాదనేవారు లేరు. అనవలసిన మాటలే. కాని ఆమెతో పాటు ఇంకొక పిల్లను కూడా మనసులో ఉంచుకోండి. 2002 జనవరి, ఢిల్లీ చలి. కుతుబ్ మినార్ దగ్గర సుభాషిణి చెప్పు తెగిపోతే, పద్నాలుగో నంబరు పిల్ల తన చెప్పుల్లో ఒకటి తీసి ఆమెకిచ్చింది. ఆ రోజంతా ఇద్దరూ తలా ఒక చెప్పుతో, ఒక కాలు మార్చి ఒక కాలు నేల మీద పెట్టుకుంటూ, నవ్వుతూ ఆ రాజధాని మొత్తం తిరిగారు. ఆ పిల్లను మరచిపోకండి.